వాడికంటే యాభై తక్కువ

ఆ మెయిల్ వచ్చినప్పుడు నేను పెసరట్టు తింటున్నాను. కుడిచేతిలో అట్టుముక్క, ఎడమచేతిలో ఫోన్, ఎప్పటిలాగే. మెయిల్లో ఇంగ్లీషులో నాలుగే లైన్లున్నాయి. ఈ నెలాఖరుతో మా సర్వీసు ఆపేస్తున్నాం, మీ దగ్గరున్న పేర్లన్నీ ఈలోపు వేరే చోటికి మార్చుకోండి, ఆ తర్వాత మా ప్యానెల్ తెరుచుకోదు, ఇన్నాళ్ళూ మాతో ఉన్నందుకు సంతోషం. కింద ఒక మనిషి పేరు గాని, ఫోన్ నంబరు గాని లేదు.  పిన్ని వంటింట్లోంచి ఇంకోటి వెయ్యనా అనడిగితే వద్దన్నాను. పెసరట్టు వద్దన్నానని ఆవిడ గరిటె పట్టుకుని బయటికొచ్చి నా మొహం చూసింది.

నేను వెబ్‌సైట్ పేర్లు అమ్ముతాను. ఒక షాపుకో, రొయ్యల హేచరీకో వెబ్‌సైట్ కావాలంటే ముందు దానికో పేరు తీసుకోవాలి. తీసుకోవడమంటే సొంతానికి కొనేసుకోవడం కాదు, ఏడాదికోసారి అద్దె కట్టడం. కట్టకపోతే పేరు పోతుంది, దేశంలో ఎవడైనా దాన్ని ఎత్తుకుపోవచ్చు. ఆ పేర్లని టోకున తీసుకుని, పైన కొంచెం వేసుకుని, చిల్లరగా అమ్మేవాళ్ళని రీసెల్లర్లంటారు. నేను వాళ్ళలో బాగా చిన్నదాన్ని. పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో. అక్కడ వెబ్‌సైట్లకి చోటు అద్దెకిచ్చే ఒక హోస్టింగ్ కంపెనీలో కస్టమర్ల ఫోన్లెత్తే ఉద్యోగం చేసి, మేనేజర్ మీద నోరు పారేసుకుని మానేశాను. నరసాపురంలో పిన్ని వాళ్ళ వీధిగది ఖాళీగా ఉందంటే లాప్‌టాప్ పట్టుకుని వచ్చేశాను. అద్దె లేదు, భోజనానికీ డబ్బు కట్టక్కర్లేదు, కాబట్టి ఎవరికన్నా తక్కువకి అమ్మగలను అనుకున్నాను. నా వ్యాపార తెలివంతా అంతే.

రాజమండ్రిలో ఒకడున్నాడు. వాడూ ఇదే పని. వాడి మొహం నేనెప్పుడూ చూడలేదు గాని వాడి వాట్సాప్ స్టేటస్ రోజూ చూస్తాను. నేను పేరుకి తొమ్మిది వందలని పెడితే సాయంత్రానికి వాడు ఎనిమిదీ యాభై పెడతాడు. నేను ఎనిమిది వందలకి దిగితే వాడు ఏడూ యాభై. పసుప్పచ్చ రంగు మీద ఎర్రక్షరాలు, మూలన ఒక వినాయకుడు. ఆ వినాయకుణ్ణి చూస్తేనే నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు ఇక ఆగలేక ఫోన్ చేసి, నువ్వసలు ఏం తిని బతుకుతున్నావని అడిగేశాను. వాడు ఎంత నెమ్మదిగా మాట్లాడాడంటే, నాకు ఇంకా మండింది.

"మీరెంతకిస్తే దానికి యాభై తగ్గించే ఇస్తానండి. కోపం దేనికండీ? మీరు తగ్గించడం మానేస్తే నేనూ మానేస్తానండి" అన్నాడు.

ఫోన్ మంచం మీదికి విసిరేశాను. స్క్రీన్ పగల్లేదు, మంచం కాబట్టి. ఆ మధ్యాహ్నమే ఎక్కడెక్కడో వెతికి, మన దేశంలో ఎవరూ ఇవ్వనంత తక్కువకి పేర్లిచ్చే ఒక టోకు సైట్ పట్టుకున్నాను. ఎక్కడిదో తెలీదు. ఫోన్ నంబర్ లేదు. ఏదైనా అడిగితే సైట్లోనే టికెట్ అని ఒక ఫిర్యాదు పెట్టమనేవాళ్ళు, టికెట్ పెడితే మూడోరోజు జవాబు. ఏమైతేనేం, రేటు తక్కువ. నా దగ్గరున్న పేర్లన్నీ అక్కడికి మార్చి, వాడికంటే యాభై తక్కువ పెట్టి, ఆ రోజు పిన్నితో రొయ్యల వేపుడు చేయించుకున్నాను.

ఇప్పుడు మూసేస్తున్నది ఆ టోకు సైటే. మెయిల్ వచ్చాక ఇంకాస్త తవ్వితే తెలిసింది, వాళ్ళదీ సొంత దుకాణం కాదు. వాళ్ళూ పైన ఇంకెవరి దగ్గరో కొని నాకు అమ్ముతున్నారు. అంటే వాళ్ళు పోతే నాకు, ఆ పై కంపెనీకి మధ్య ఎవరూ ఉండరు. నేను వెళ్ళి ఆ పేరు నా కస్టమర్‌దండీ అంటే, నువ్వెవరని అడుగుతారు. ఇక ఏడాది అద్దె కట్టే దారే ఉండదు, కట్టకపోతే పేరు పోతుంది. 

ఒక్కటే దారి. గడువులోగా ఒక్కో పేరునీ వేరే నమ్మకమైన కంపెనీకి మార్చడం. అది రేటెక్కువ, నాకు మిగిలేది సున్నా, కొన్నింటికి ఎదురు ఖర్చు. ముందు మార్చడం, తర్వాత ఏడవడం అనుకున్నాను. మార్చాలంటే పాత ప్యానెల్, అంటే లాగినై నా పేర్లన్నీ చూసుకునే పేజీ, తెరిచి ఒక కోడ్ తియ్యాలి, కొత్తచోట ఇవ్వాలి, అప్పుడు పేరుగల ఆసామికి ఒక మెయిల్ వెళ్తుంది, ఆ మెయిల్లో ఒప్పుకుంటున్నానని ఆయన నొక్కాలి. నొక్కాక ఐదు రోజులకి పేరు కొత్తచోటికి చేరుతుంది.

కస్టమర్లందరికీ ఫోన్లు చేశాను. నిజం చెప్పలేదు. చెప్తే, చవకబారు సరుకు అంటగట్టావా అంటారు, రాజమండ్రి వాడి దగ్గరికి పోతారు. అందుకని మాట తయారుచేసుకున్నాను. "ఏం లేదండి, ఇల్లు మారినట్టే. ఇంట్లో మనుషులు వాళ్ళే, సామాను అదే, ఇల్లే కొంచెం బాగుంటుంది." ఆ పోలిక నాకే తెగ నచ్చింది. అందరికీ అదే చెప్పాను. తుని ఫర్నిచర్ షాపాయన, సామర్లకోట ట్యుటోరియల్ వాళ్ళు, చేపల ఎగుమతి చేసే మా వీధి చివరాయన, అందరూ సరేనని నొక్కేశారు. బాబాయ్ స్నేహితుడొకాయన మాత్రం నాకేమీ తెలీదు నువ్వే నొక్కెయ్యమ్మా అని ఫోన్ నా చేతికిచ్చి టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

ఒక్కావిడ ఒప్పుకోలేదు.

ఆవిడ ఏరవతల ఉంటారు. లేసు వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని అల్లిన లేసు ఆవిడ దగ్గరికి వస్తుంది, అక్కడ ఉతికి, ఇస్త్రీ చేసి, టేబుల్ గుడ్డలుగా, దిండు గలేబులుగా విదేశాలకి పంపిస్తారు. ఆవిడ వెబ్‌సైట్ పేరు ఎప్పటిదో, నేను ఇంటర్ చదివే రోజులకి ముందుది. ప్రతి గుడ్డకీ కుట్టే చిన్న చీటీ మీద ఆ పేరుంటుంది. ఆర్డర్లన్నీ ఆ పేరుతో ఉన్న మెయిల్‌కే వస్తాయి. అంతకుముందు రాజమండ్రి వాడి కస్టమర్, యాభై తగ్గించి నేనే లాక్కొచ్చాను. ఆ పేరు పోతే ఏమవుతుందో ఆలోచించడం మొదలుపెడితే ఆపలేకపోయేదాన్ని. మెయిల్ ఆగిపోతుంది. విదేశీ ఆసామి రాసిన ఉత్తరం తిరిగెళ్ళిపోతుంది. ఎవడో ఆ పేరు కొనేసుకుని అందులో ఏ బొమ్మలు పెడతాడో తెలీదు. గుడ్డల మీద మాత్రం అదే పేరుంటుంది.

ఆవిడకి కూడా ఫోన్లో ఇల్లు మారడం కథే చెప్పాను. అంతా విని, "అలాగా. అయితే మూఢాలు వెళ్ళాక చూద్దాంలే అమ్మాయ్" అన్నారు.

నాకు మొదట అర్థం కాలేదు. అప్పుడు శుక్ర మూఢం నడుస్తోందట. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు చెయ్యరు, ఇల్లు మారరు. ఇది కంప్యూటర్ పనండి, దీనికి మూఢమేంటన్నాను. "నువ్వేగా ఇల్లు మారడమన్నావు. మూఢంలో ఎవరైనా ఇల్లు మారతారా? ఇన్నేళ్ళు చల్లగా నడిచిన పేరమ్మా అది" అన్నారు. మూఢం ఎప్పటికి పోతుందని అడిగితే చెప్పిన తేదీ నా గడువు దాటి ఎంతో దూరంలో ఉంది.

నాకు కోపం ముందొస్తుంది, మాట తర్వాతొస్తుంది. అప్పుడు ఫోన్ కట్ చేసి ఉండకపోతే ఏమనేదాన్నో. గదిలో గోడకేసి చెప్పు విసిరాను. తర్వాత పిన్ని దగ్గరికెళ్ళి, మూఢంలో తప్పనిసరైతే ఏం చేస్తారని అడిగాను. పిన్ని బెండకాయలు తరుగుతూ, ఎవరికి పెళ్ళి అంది. వివరించబోయి మానేశాను.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయంటే, ఫోన్ మోగితే భయం, మోగకపోతే భయం. పాత ప్యానెల్ కాసేపు తెరుచుకునేది, కాసేపు తెల్లటి పేజీ వచ్చేది. తెల్లటి పేజీ వచ్చిన ప్రతిసారీ ఇక పోయిందనుకునేదాన్ని. గడువు కంటే ముందే మూసేశారనుకునేదాన్ని. మళ్ళీ తెరుచుకుంటే చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉండేది. అన్నం తింటూ రిఫ్రెష్, పళ్ళు తోముకుంటూ రిఫ్రెష్. బాబాయ్ చూసి, ఎవరా అబ్బాయి అన్నాడు నవ్వుతూ. అబ్బాయైతే బాగుణ్ణు.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆవిడ మెయిల్ నేను పెట్టిచ్చిందే. మా దగ్గర ఏం కొన్నా జనం కొసరు అడుగుతారు, కూరగాయలు కొన్నా, పేరు కొన్నా. కొసరుగా ఆవిడకి మెయిళ్ళు నేనే సర్దిపెట్టాను, పాస్‌వర్డ్ నా ఫోన్లో ఉంది. అంటే ఒప్పుకుంటున్నానని ఆవిడ నొక్కాల్సింది నేనే నొక్కెయ్యొచ్చు. ఎవరికీ తెలీదు. ఒక మధ్యాహ్నం ఆ మెయిల్‌లోకి వెళ్ళిపోయాను కూడా. లోపల ఎవరో విదేశీయుడు రాసిన ఉత్తరం మొదటి లైను కనపడింది, డియర్ మేడమ్ అని. ఎవరింట్లోకో వెళ్ళి వాళ్ళ మంచం మీద కూర్చున్నట్టనిపించి బయటికొచ్చేశాను. మంచితనం వల్ల కాదు. నేను నొక్కాక మధ్యలో ఏదైనా అడ్డం పడితే, మూఢంలో నాకు చెప్పకుండా ఇల్లు మార్చావు, అందుకే ఇలా అయిందని ఆవిడంటే, దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ మాట జన్మంతా మోయాలి. ప్యానెల్ మూతపడటం కంటే అది ఎక్కువ భయం వేసింది.

మర్నాడు రేవుకెళ్ళి, మనుషుల్నీ బండ్లనీ ఏరు దాటించే పంటు ఎక్కాను. మోటార్‌సైకిళ్ళు, కొబ్బరికాయల ఆటో, స్కూటీ మీద పెళ్ళికొడుకులా తయారైన ఒకాయన, చేపల తట్టలు దించి కూర్చున్న ఇద్దరాడవాళ్ళు. నది మధ్యకి రాగానే సిగ్నల్ పోయింది. గోదావరి అంత వెడల్పుగా ఉంటుందని ఆ రోజే తెలిసింది నాకు. ఫోన్ పైకెత్తి అటూ ఇటూ తిప్పుతుంటే తట్ట పక్కన కూర్చున్నావిడ, "ఎందుకమ్మా అలా ఆడిస్తావు, ఏట్లో పడితే గేలం వేసినా దొరకదు" అంది. రెండోవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఫోన్ మాత్రం దించాను. ఒడ్డు చేరేలోపు నాలో నేను ఏం చెప్పాలో పదిసార్లు చెప్పుకున్నాను. ప్రతిసారీ ఇంకొంచెం నిజం తగ్గిస్తున్నాను.

ఆవిడ ఇంటి వెనక పొడుగాటి రేకుల షెడ్డు. పదిమంది దాకా ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని ఉన్నారు, కొందరు లేసు ముక్కలు కలిపి కుడుతున్నారు, కొందరు దారపు కొసలు కత్తిరిస్తున్నారు. ఆవిడ కుర్చీలో కూర్చుని ఒక్కో గుడ్డా వెలుతురుకి ఎత్తి చూస్తున్నారు. నన్ను చూసి మంచినీళ్ళు తెప్పించారు. మేడమ్ అని మొదలెట్టాను.

"మేడమేంటమ్మాయ్, బడిలో ఉన్నామా. అత్తయ్యగారూ అను. ఎండనపడి వచ్చావు, ఏంటి సంగతి?"

తయారుచేసుకున్నదంతా పోయింది. ఇల్లు మారడం కాదండీ అన్నాను. అక్కడినుంచి ఆగలేదు. రాజమండ్రి వాడికంటే యాభై తక్కువ ఇవ్వాలని ఒక చవక చోట ఆవిడ పేరు పెట్టానని, వాళ్ళు ఎవరో నాకూ తెలీదని, నెలాఖరుకి మూసేస్తున్నారని, ఈలోపు మార్చకపోతే ఆ పేరు ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేనని, అందరి పేర్లూ మారాయి, ఆవిడదొక్కటే మిగిలిందని.  షెడ్డులో కత్తెర చప్పుళ్ళు ఆగిపోయాయి.

ఆవిడ చేతిలో గుడ్డ మడతపెట్టి పక్కన పెట్టారు. అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది, నేనూ అరవగలను, అది నాకొచ్చిన విద్య.

"అంటే ఇల్లు పడిపోతోంది. అవునా?"

"అవునండి."

"పడిపోతోందని చెప్పకుండా, కొత్తింటికి వెళ్దాం రండి బాగుంటుందన్నావు. ఇల్లు పడిపోతుంటే మూఢం చూసుకుంటూ లోపల కూర్చుంటామా అమ్మాయ్? నాకు తెలివి లేదనుకున్నావా, బుద్ధి లేదనుకున్నావా?"

 చాప మీద కూర్చున్న ఒకావిడ దారం కొరుకుతూ, "రేటు తగ్గించమంటారు గాని, ఎలా తగ్గిందో ఎవరడుగుతారండీ" అంది. అది నన్నందో, అత్తయ్యగార్నందో తెలీలేదు. అత్తయ్యగారు కూడా అటోసారి చూశారు.

"సరే, చెయ్యి" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఫోన్ తీశాను. "ఆగు. ఇవాళ శుక్రవారం. పన్నెండు దాకా రాహుకాలం. అది దాటనివ్వు."

మూఢానికి ఒప్పుకున్న మనిషి రాహుకాలం దగ్గర ఆగిపోయారు. అది కూడా కాదనడానికి నాకు మొహం లేదు. కూర్చున్నాను. షెడ్డు గోడ మీద గడియారం ఉంది. నేను దాన్ని చూడకుండా ఫోన్ చూస్తున్నాను, ఫోన్లో పాత ప్యానెల్ తెరిచి ఉంది, అది కదలకుండా ఉంటే చాలని. ముట్టుకుంటే పోతుందేమోనని ముట్టుకోలేదు. స్క్రీన్ ఆరిపోకుండా మాత్రం మధ్యమధ్య వేలితో తట్టాను. ఆవిడ మళ్ళీ గుడ్డలు చూడటం మొదలెట్టారు. ఒక ముక్కలో అల్లిక తప్పిందని తిప్పి పంపించారు. నాకు చెమటలు కారిపోతున్నాయి. ఎవరో టేబుల్ ఫ్యాన్ నావైపు తిప్పారు.

పన్నెండయ్యాక, "ఇప్పుడు" అన్నారు.

ముందు తీసిపెట్టుకున్న కోడ్ కొత్తచోట కొట్టాను. చెల్లదంది. కోడ్‌కి కూడా గడువుంటుందని నాకు గుర్తులేదు. మళ్ళీ పాత ప్యానెల్‌కి వెళ్ళి కొత్త కోడ్ అడిగాను. తెల్లటి పేజీ.  రిఫ్రెష్ చేశాను. తెల్లటి పేజీ. ఆవిడకి చెప్పలేదు, ఆవిడ అడగలేదు, కానీ కుర్చీ నా పక్కకి జరుపుకున్నారు. మూడోసారో నాలుగోసారో పేజీ సగం వచ్చింది, రంగుల్లేకుండా, అక్షరాలు మాత్రం ఒకదాని కింద ఒకటి పడిపోయి. అందులో కోడ్ ఉంది. వెంటనే కాపీ చేసి కొట్టాను. తీసుకుంది.

మెయిల్ ఆవిడ ఫోన్‌కి వచ్చింది. ఎక్కడ నొక్కాలో చూపించాను గాని నేను ముట్టుకోలేదు. ఆవిడ చేతులు చీరకొంగుకి తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పై నుంచి కింద దాకా మొత్తం చదివారు. ఇంగ్లీషు నాకంటే బాగా చదువుతారు, ఇన్నేళ్ళ ఎగుమతులు మరి. చదివాక నొక్కారు.

"ఇంతేనా?"

"ఐదు రోజులు ఆగాలండి."

"ఐదు రోజుల్లో ఏమైనా అవ్వొచ్చా?"

"అవ్వొచ్చండి" అన్నాను. ఈసారి ఏ పోలికా వెతుక్కోలేదు.

ఆ ఐదు రోజులు ఎలా ఉన్నానో పిన్ని ఇప్పటికీ చెప్తుంది. నాకు జ్వరమొచ్చింది, తిరిగొస్తూ రేవు దగ్గర ఐస్ తిన్నందుకేనని పిన్ని నమ్మకం. గడువు మధ్యలోనే వచ్చింది. పాత ప్యానెల్ ఆ ఉదయం తెల్లటి పేజీ కూడా చూపించలేదు, అలాంటి చోటే లేదంది. అంటే అత్తయ్యగారి పేరు పాత ఇంట్లో లేదు, కొత్త ఇంటికి ఇంకా చేరలేదు. ఎక్కడుందో చెప్పేవాళ్ళు లేరు. ఆవిడ వెబ్‌సైట్ తెరిచి చూసేదాన్ని, తెరుచుకునేది, తెరుచుకున్నా నమ్మకం కలిగేది కాదు. ఆవిడ మెయిల్‌కి నేనే ఉత్తరం రాసేదాన్ని, తిరిగొస్తుందేమోనని. తిరిగి రాలేదు. ఆవిడే రెండోరోజు ఫోన్ చేసి, టెస్ట్ టెస్ట్ అని ఊరికే రాయకమ్మా, ఆర్డర్లనుకుని తెరుస్తున్నాను అన్నారు. ఆ గొంతులో కోపముందా అని చెవులు రిక్కించి విన్నాను. ఉంది, కొంచెం.

చేరినప్పుడు నేను బాబాయ్‌తో బజార్లో ఉన్నాను. ఆయన చేపల బేరం ఆడుతున్నాడు, నేను పక్కన నిలబడి ఫోన్ చూస్తున్నాను. పేరు పక్కన ఇన్నాళ్ళూ ఉన్న పెండింగ్ అన్న మాట పోయి కొత్త మాట వచ్చింది, కంప్లీటెడ్ అని. రెండుసార్లు మూసి తెరిచాను. అదే ఉంది. నడిబజార్లో, తడి నేల మీద కూర్చుండిపోయాను. బాబాయ్ కంగారుపడి బేరం వదిలేసి, అడిగినంతా ఇచ్చేసి నన్ను ఇంటికి తీసుకొచ్చాడు.

ఆవిడకి మెసేజ్ పెట్టాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. సాయంత్రం ఫోన్ చేశారు.

"ఇప్పుడు నీ రేటెంత?"

కొత్తచోట నాకు పడేదానికి పైన కొంచెం వేసుకుని చెప్పాను.  అది నేనెప్పుడూ చెప్పనంత ఎక్కువ. రాజమండ్రి వాడు ఆ పొద్దున్నే పెట్టిన దానికి దాదాపు రెండింతలు.

"ఎక్కువే" అన్నారు.

"ఎక్కువేనండి."

"ఆ రాజమండ్రి వాడు కూడా ఫోన్ చేశాడు. సగానికిస్తానన్నాడు. ఎక్కడ కొని నాకిస్తావని వాణ్ణడిగాను. అది మీకెందుకండీ అన్నాడు. నువ్వు చెప్పు, నువ్వెక్కడ కొంటున్నావు?"

చిల్లర వ్యాపారంలో ఎవరూ చెప్పని సంగతి అదొక్కటే. కొనేచోటు తెలిస్తే రేపు ఆవిడే నేరుగా వెళ్ళి కొనుక్కోవచ్చు, రేటు కూడా నాకు పడినంతకి దగ్గర్లోనే దొరుకుతుంది. ఆవిడ చెప్తే ఇంకో పదిమంది వెళ్తారు. అప్పుడు వీధిగదిలో కూర్చుని నేను అమ్మేదేముంది? ఫోన్ చెవికి ఎంత గట్టిగా నొక్కానంటే చెవి నొప్పెట్టింది. అవతల షెడ్డులో ఆడవాళ్ళ మాటలు వినపడుతున్నాయి, ఎవరో దేనికో నవ్వుతున్నారు.

కంపెనీ పేరు చెప్పాను.

"సరిగ్గా వినపడలేదు. మళ్ళీ చెప్పు" అన్నారు.

మళ్ళీ, ఒక్కో అక్షరం విడదీసి చెప్పాను.